పొద్దంతా నిప్పు, మాపటికి పిడుగు

(ఉగాదికి ముందు అచ్చంపేటల జరిగిన ఒక మీటింగ్‌ల రిటైర్డ్ వాతావరణ ఉద్యోగి మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేసినం, మాటలు ఆయన ఎట్లన్నరో అట్లనే ఉంచినం.)

వెనకాల వినవడ్తుందా? మైక్ జర గుర్రుమంటుంది... ఆ, ఇప్పుడు ఓకే.

నేను లెక్చరర్‌ని కాదు, అది ముందే చెప్తున్న. ముప్పై ఏండ్లు వాతావరణ శాఖల పని చేసిన, అందులో సగం కాలం నా పని ఏందంటే బెలూన్ ఎగరేసుడు. నవ్వకండి, నిజంగనే అదే నా నౌకరి. పొద్దున అయిదున్నర లెక్కకు ఒకటి, సాయంత్రం అయిదున్నర లెక్కకు ఒకటి, హైడ్రోజన్ నింపి కింద చిన్న డబ్బా కట్టి ఇడుస్తరు, అది పాతిక ముప్పై కిలోమీటర్లు పైకి పోయి పగిలిపోయే దాక మీద వేడెంత తేమెంత గాలెటు అని రేడియోల చెప్తనే ఉంటది. మా ఇంట్ల మా అమ్మ చచ్చేదాక మా వాడు సర్కారు పతంగులు ఎగరేస్తడనే చెప్పుకుంది.

ఇయ్యాల నన్ను పిలిచింది ఎందుకంటే, పోయినసారి ఇక్కడికి వస్తే ఒక రైతన్న పేపర్ తెచ్చి నా ముందు పెట్టిండు. సార్, దీంట్ల పైన ఎండలు మండుతయి అడవిల నిప్పు జాగ్రత్త అని రాసిండ్రు, కింద ఉరుములు మెరుపులు ఈదురుగాలులతో వాన అని రాసిండ్రు, ఒక్కటే రోజు, ఒక్కటే జిల్లా, ఏది నమ్మాలె, మీ వాళ్లకు తెల్వక రెండూ రాసి పెడ్తరా, ఏదో ఒకటి తగులుతదని? అట్ల అడిగిండు. నాకు కోపం రాలే, అడగాల్సిందే అడిగిండు. రెండూ నిజమే అన్న. ఒక్కటే రోజు రెండూ నిజమే, కాని ఒక్కటే గంటల కాదు. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముచ్చటనే, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతది. మన ఎండాకాలం బులెటిన్‌ని రోజు లెక్కన చదవొద్దు, గంట లెక్కన చదవాలె.

ఇప్పుడు తేమ సంగతి చూద్దం, ఇది అర్థమైతే సగం పని అయినట్టే. పొద్దున ఆరింటికి ఇక్కడ 24 డిగ్రీలు ఉంది, గాలిల తేమ 60 శాతం, అంటే గాలి పట్టగలిగే నీళ్లల్ల నూటికి అరవై వంతులు ఉన్నయి అనుకోండి. చేతికి చల్లగ తగుల్తది, చెట్ల కింద ఎండుటాకు మెత్తగ ఉంటది, అగ్గిపుల్ల గీసినా తొందరగ అంటుకోదు. అదే గాలి, బయటి నించి ఏమీ రాలే ఇక్కడి నించి ఏమీ పోలే, మధ్యాహ్నానికి 40 డిగ్రీలకు వేడెక్కితే ఆ 60 శాతం ఎంతైతదో తెలుసా? 24. నీళ్లు ఒక్క చుక్క తగ్గలే, గాలి వేడెక్కింది కాబట్టి దానికి దూప పెరిగింది, అంతే. ఆ దూప ఎవరి మీద తీర్చుకుంటది? ఆకు మీద, గడ్డి మీద, వడ్లు కోసినంక మిగిలిన కొయ్యల మీద. లావు మొద్దు ఆరడానికి వారాలు పడ్తది గాని గడ్డిపోచకు, టేకాకుకు గంట చాలు. అందుకే పొద్దున చేతిల మెత్తగున్న ఆకే పన్నెండింటికి అప్పడం లెక్క ఇరుగుతది.

దీంతోటి ఇంకో మాట కూడ తేలుతది, రాసుకోండి. రాత్రి చినుకులు పడ్డయి కాబట్టి ఇయ్యాల నిప్పు భయం లేదు అనుకుంటరు చూడు, అది తప్పు. రాత్రి పడ్డ అయిదు మిల్లీమీటర్ల వాన తెల్లారి పదకొండు దాకనే కాపాడ్తది, రెండింటికల్లా ఆకు మళ్ల ఎండుతది. నల్లమల అంటే ఆకు రాల్చే అడవి గదా, ఫిబ్రవరి నించే టేకు, నల్లమద్ది, తునికి అన్నీ ఆకు దులుపుతయి, ఏప్రిల్ వచ్చేటాళ్లకు కింద మోకాలి లోతు కాకున్నా చీలమండ మునిగేంత ఆకు పడి ఉంటది, అదంతా నేల మీద పరిచిన దూది అనుకోండి. మన దగ్గర మంట చెట్ల కొనలు పట్టుకొని పోయేది తక్కువ, నేల మీద పాకుతది. చూడనీకి చిన్నగనే ఉంటది, మోకాలెత్తు మంట ఇదేం జేస్తది అనిపిస్తది, కాని మొలకలు, పక్షి గుడ్లు, తాబేళ్లు, ఉడుం పిల్లలు, వచ్చే ఏడు లేవాల్సిన గడ్డి విత్తనం, ఇవన్నీ ఉండేది ఆ మోకాలెత్తులనే గదా. ఇంక కొండ ఎక్కుతుంటే దాని నడక వేరే. పది డిగ్రీల ఏటవాలు పెరిగితే మంట వేగం సుమారు రెండింతలు అని ఒక లెక్క చెప్తరు. ఎందుకంటే వేడి పైకే పోతది, పైన ఉన్న ఆకును మంట రాకముందే ఎండబెట్టి తయారు పెడ్తది. అందుకే మంట కనబడ్తే కొండ మీదికి ఉరకొద్దు. 2018 మార్చి 11న తమిళనాడు కురంగని కొండల మీద ట్రెక్కింగ్ పోయినోళ్లు ఎండుగడ్డి మంటల్ల చిక్కుకొని ఇరవై మందికి పైగా పోయిండ్రు, చదువుకున్న పిల్లలు పాపం.

నిప్పు ఎట్ల పుడ్తది? పిడుగు పడి అంటుకునేది మన దగ్గర చాన తక్కువ. మన దేశంల అడవి మంటలు నూటికి తొంభైకి పైన మనిషి చేతుల నించే అని అడవి శాఖ వాళ్లే చెప్తరు. ఇక్కడ చెంచు పెద్దమనుషులు కూసున్నరు, వాళ్ల మీద నెడ్తున్న అనుకోవద్దు, నేను చూసినంతల వాళ్లకంటే జాగ్రత్తగ నిప్పు వాడేటోళ్లు లేరు. ఇప్పపువ్వు ఏరుకోనీకి చెట్టు కింద ఆకు కాలుస్తరు, తునికాకు కొత్త చిగురు కోసం తుప్పలు కాలుస్తరు, కాల్చేటోడు చుట్టూ ఊడ్చి పొద్దుగాల్నే కాల్చి ఆరిపోయేదాక నిలబడ్తే అది వేరే కథ. పన్నెండింటికి అంటించి ఇంటికి పోయిండనుకో, అది మాత్రం ఘోరం. ఇంక శ్రీశైలం రోడ్డు సంగతి మీకు నేను చెప్పేదేముంది, మన్ననూరు గేటు దాటినంక కారు అద్దం దించి సిగరెట్ ముక్క ఇసిరేటోళ్లు, వటవర్లపల్లి దాక ఎక్కడ నీడ కనబడ్తే అక్కడ ఆపి రాళ్ల పొయ్యి పెట్టి కోడి వండుకునేటోళ్లు. సలేశ్వరం జాతర చూడు, చైత్ర పౌర్ణమికి వస్తది, అంటే సరిగ్గ అడవి బాగ ఎండిపోయినప్పుడే వేల మంది లోపలికి నడుస్తరు. నేను కూడ పోయిన, లింగమయ్యను చూసిన, ఆ లోయల దిగుతుంటే నాకు భక్తి కంటే ముందు భయమైంది, నౌకరి బుద్ధి. ఒక్కడు బీడీ ముట్టిస్తే ఆ ఇరుకు దారిల జనం ఎటు పోవాలె?

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, దాన్ని బీట్ గార్డులు, ఫైర్ వాచర్లు ఎన్ని కాళ్లతో తిరుగుతరు? అందుకే శాటిలైట్ మీద ఆధారపడ్తరు, అందుల వేడిని పట్టే సెన్సర్లు ఉంటయి, మోడిస్ అని ఒకటి, వియర్స్ అని ఇంకొకటి. మోడిస్ చూపు కిలోమీటర్ చతురం, వియర్స్‌ది 375 మీటర్లు, నిప్పు కనబడ్తే ఫారెస్ట్ సర్వే వాళ్ల నించి బీట్ గార్డ్ ఫోన్‌కు మెసేజ్ వస్తది. బాగుంది. కాని ఆ శాటిలైట్ మన నెత్తి మీద పొద్దస్తమానం నిలబడి ఉండదు, పగలు కొన్నిసార్లు రాత్రి కొన్నిసార్లు దాటిపోతది, అది దాటిపోయినంక అంటుకున్నదాన్ని మళ్లొచ్చేదాక చూడదు. మేకలు కాసే పిల్లగాడే ముందు చూస్తడు, వాని దగ్గర బీట్ గార్డ్ నంబర్ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

2014 మార్చిల తిరుమల కొండ అంటుకుంది, శేషాచలం. మీకు యాదికుండాలె, ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్లు బకెట్లు కట్టుకొని నీళ్లు పోసినయి. హెలికాప్టర్ వచ్చిందంటే అప్పటికే మనం ఓడిపోయినట్టు.

సరే, ఇది పొద్దుటి నించి మూడింటి దాక. ఇప్పుడు మూడు దాటింది అనుకోండి.

పేపర్ల చూస్తరు గదా, "విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి కొనసాగుతోంది" అని. ద్రోణి అంటే ద్రోణాచార్యులకు సంబంధం లేదు. ఒక దిక్కు నించి ఉత్తరం, వాయవ్యం నించి వచ్చే పొడి వేడిగాలి, ఇంకో దిక్కు నించి బంగాళాఖాతం మీది నించి వచ్చే తడిగాలి, రెండూ ఎక్కడ ఎదురుపడ్తయో అక్కడ గీత గీస్తే అదే అనుకోండి. ఆ గీత ఒక దగ్గర నిలబడదు, ఇయ్యాల మహబూబ్‌నగర్ మీద ఉంటే రేపు నల్గొండ మీద ఉంటది. కింద నేల కాలి గాలి పైకి లేవాలని చూస్తది, మీద ఒక వెచ్చటి పొర మూత లెక్క ఆపుతది. మా బెలూన్ చూసేది ఆ మూతనే. ఎసరు మీద గట్టి మూత పెట్టి మంట పెంచితే ఏమైతది, చాన సేపు ఏమీ కాదు, తర్వాత ఒక్కసారే ఎగిరి పడ్తది. పొద్దంతా మొగులు లేకుండ నీలంగ ఉండి నాలుగింటికి పడమర దిక్కు గోపురం లెక్క మబ్బు లేస్తది చూడు, అదే. పదిహేను కిలోమీటర్ల ఎత్తు పోతది ఒక గంటల. దాన్నే క్యుములోనింబస్ అంటరు, పేరు నోరు తిరగకుంటే ఉరుం మబ్బు అనుకోండి.

ఆ మబ్బు కింద గాలి ఇంకా పొడిగనే, వేడిగనే ఉంది గదా. మీది నించి పడే వాన ఆ పొడిగాలిల సగం దారిలనే ఆవిరైపోతది, ఆవిరైతుంటే గాలి చల్లబడ్తది, చల్లబడ్డ గాలి బరువెక్కి దబ్బున నేల మీద పడ్తది. బిందె నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే నాలుగు దిక్కులా చిమ్ముతది చూడు, అట్ల. అదే మన గాలిదుమారం. వాన చుక్క మీ ఊర్ల పడకపోవచ్చు, మబ్బు ఇరవై కిలోమీటర్ల అవతల ఉండొచ్చు, ఆ గాలి మాత్రం వస్తది, రేకులు లేపుతది, కోళ్ల ఫారం గోడ కూలుస్తది. 2024 మే 26న మన నాగర్‌కర్నూల్ జిల్లాలనే గోడలు కూలి మనుషులు పోయిండ్రు, ఇక్కడున్న వాళ్లకు ఆ రోజు తెలుసు.

ఇప్పుడు ఈ రెండూ కలుపుండి. పన్నెండింటికి ఎవరో అంటించిన మంట నాలుగింటికి ఇంకా పాకుతనే ఉంది, పడమటి గాలికి తూర్పు దిక్కు పోతుంది, పది మంది ఫైర్ వాచర్లు ఉత్తరం పక్క నిలబడి కొమ్మలతో కొడుతున్నరు, పక్కనుండి కొడ్తున్నం మనకేం కాదు అనుకుంటున్నరు. దక్షిణం దిక్కు ఎక్కడో మబ్బు కూలింది. రెండు నిమిషాలల్ల గాలి తిరిగింది. అప్పటి దాక పక్కగ ఉన్న మంట వరుస మొత్తం ఇప్పుడు వాళ్ల మొహం మీదికి తిరుగుతది. ఇది నేను కల్పించి చెప్పేది కాదు, అమెరికాల అరిజోనాల యార్నెల్ హిల్ అన్న దగ్గర 2013 జూన్ 30న ఇట్లనే ఉరుం మబ్బు గాలికి మంట తిరిగి 19 మంది ఫైర్ సిబ్బంది కాలిపోయిండ్రు, మంచి ట్రైనింగ్ ఉన్నోళ్లు, మామూలోళ్లు కాదు. అందుకే బీట్ గార్డ్ తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే, మంట దగ్గర ఉన్నప్పుడు ఒకడు మంట చూడొద్దు, ఆకాశం చూడాలె. ఉరుం వినబడ్డా, వీస్తున్న గాలి ఒక్కసారి ఆగిపోయినా, దూరంగ ఎర్రటి దుమ్ము గోడ లేసినా కాలిపోయిన నల్ల నేల మీదికి వచ్చి నిలబడండి. కాలిన చోట మళ్ల కాలనీకి ఏమీ ఉండదు. వాన వస్తది ఆరిపోతది అని అక్కడనే కూసుంటే వాన కంటే ముందు గాలి వస్తది, ప్రతిసారి గాలే ముందు.

(సభలోంచి ఒకరు: వాన అని చెప్పిండ్రు, మా ఊర్ల పడనే లేదు సార్, మూడుసార్లయింది.)

కూసో అన్న, దానికే వస్తున్న. బులెటిన్ల "ఒకటి రెండు చోట్ల" అని రాస్తరు చూసినవా, మనం దాన్ని ఊకె మర్యాదకు రాసిన మాట అనుకుంటం. అది లెక్క. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంల ఉన్న వాన కొలిచే కేంద్రాలల్ల నూటికి పాతిక వరకే పడ్తదని. కొన్ని చోట్ల అంటే 26 నించి 50. చాలా చోట్ల అంటే 51 నించి 75. దాదాపు అన్ని చోట్ల అంటే ఆ పైన. అంటే ఒకటి రెండు చోట్ల అన్నప్పుడు నీ ఊర్ల పడకపోవడమే ఎక్కువ అవకాశం, వాళ్లు అదే చెప్పిండ్రు, మనం వేరేగ విన్నం. ఆ, మా తప్పు కూడ ఉంది, ఆ భాష ఎవరికి అర్థమైతది? నేను నౌకరిల ఉన్నప్పుడు ఈ లెక్క బులెటిన్ కింద ఒక లైన్ల రాద్దం అని ఒక పెద్దసారుకు చెప్పిన, ప్రజలకు ఇన్ని వివరాలు ఎందుకయ్యా అన్నడు. పేరు చెప్పను, ఇప్పుడు ఆయన కూడ రిటైరే.

బులెటిన్ల హెచ్చరికలకు పెట్టే రంగులు కూడ అంతే. ఎల్లో అంటే కండ్లు తెరిచి ఉండు అని, ఆరెంజ్ అంటే సామాను సర్దుకొని తయారుగ ఉండు అని, రెడ్ అంటే ఇంక ఆలోచించకు పని మొదలుపెట్టు అని. కాని ఎండాకాలం ఉరుములకు జిల్లా మొత్తానికి పొద్దున ఇచ్చే రంగు కంటే మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్ట్, అంటే వచ్చే రెండు మూడు గంటల కబురు, ముఖ్యం. పొద్దుటిది నీకు చుట్టం వస్తడని చెప్తది, నౌకాస్ట్ చుట్టం బస్సు దిగిండని చెప్తది. హైదరాబాద్‌ల, మచిలీపట్నంల రాడార్లు ఉన్నయి, వాటిల చూసి చెప్తరు, మబ్బు పుట్టినంకనే చెప్పే మాట కాబట్టి ఎక్కువ గురి తప్పదు.

రాళ్లవాన గురించి రెండు ముక్కలు. మార్చిల రాళ్లు ఎక్కువ, మే నెలల తక్కువ ఎందుకు అంటే మార్చిల పైన గాలి ఇంకా చల్లగ ఉంటది, మంచు గడ్డ కరగకుండ కిందికి దిగనీకి దూరం తక్కువ. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిల పడ్డది చూసిండ్రు గదా ఫోన్లల్ల, రోడ్డు, చేన్లు అంతా తెల్లగ, పిల్లలు ఫోటోలు దిగిండ్రు కాశ్మీర్ అని, పంట పోయినోడు ఏ ఫోటో దిగుతడు. పుస్తకాలల్ల ఈ వానలకు మామిడి జల్లులు అని అందమైన పేరు ఉంటది, కొల్లాపూర్ పోయి మామిడి తోటోళ్లను ఆ పేరు అడగండి, ఏమంటరో ఇక్కడ చెప్పలేను, ఆడోళ్లున్నరు. (నవ్వులు) మన పెద్దోళ్లకు తెలుసు, "అశ్విని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును" అన్నరు. అశ్విని కార్తె ఏప్రిల్ రెండో సగం, మామిడి కాయ ఊరుతుంటది, యాసంగి వడ్లు కల్లంల ఉంటయి. ఆ పదిహేను రోజులు కొనుగోలు సెంటర్ల వడ్లు పోసినోడు రాత్రి నిద్రపోడు. పరదా తెచ్చి పక్కన పెడ్తే సరిపోదు, గాలే ముందు వస్తది అన్న గదా, అంచులకు రాళ్లు పెట్టకపోతే పరదా పక్క ఊర్ల దొరుకుతది.

ఇంక పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రల 13 గంటలల్ల 36,749 పిడుగులు లెక్కపెట్టిండ్రు. ఒక్క రోజు. దేశం మొత్తంల 2022ల పిడుగులకు 2,887 మంది పోయిండ్రని పోలీసు లెక్కలు. ఎవరు పోతున్నరు? ఏసీల కూసున్నోడు పోడు. కూలికి పోయిన ఆడోళ్లు, మేకలు కాసేటోళ్లు, బోరు మోటర్ బంద్ చేయనీకి ఉరికిన రైతు. వాన మొదలుకాంగనే చింతచెట్టు కిందికి ఉరుకుతం, చిన్నప్పటి నించి అదే అలవాటు, ఒంటరి చెట్టు కిందికి పోవుడంటే పిడుగును పిలిచి బొట్టు పెట్టినట్టు. మెరుపు కనబడ్డంక లెక్క పెట్టుండి, మూడు అంకెలకు ఒక కిలోమీటర్. ముప్పై లోపల ఉరుం వినబడ్తే పది కిలోమీటర్ల లోపల ఉంది, అది చాన దగ్గర. ఇల్లు గాని, తలుపులు మూసిన కారు, బస్సు గాని దొరికితే అందుల కూసోండి. ఏదీ దొరకలేదా, ఎత్తు మీది నించి, చెరువు కట్ట మీది నించి దిగండి, గుంపుగ ఉండకండి, పాదాలు కలిపి మునికాళ్ల మీద ముడుచుకొని కూసోండి, నేల మీద పండుకోవద్దు. చివరి ఉరుం తర్వాత అరగంట ఆగి లేవండి. ఇంకోటి, పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే మనకు షాక్ కొడ్తది అనుకొని దూరం నించి చూస్తుంటరు, అది అబద్ధం. ఒంట్ల కరెంటు నిలవుండదు. గుండె ఆగితే ఛాతీ మీద ఒత్తండి, కొందరు లేచి కూసుంటరు, ఆ అయిదు నిమిషాలే. దామిని అని యాప్ ఉంది, పుణేల ట్రాపికల్ మెటియరాలజీ సంస్థ వాళ్లది, మీ చుట్టు 20, 40 కిలోమీటర్లల్ల పిడుగులు పడ్తుంటే చెప్తది, మీ పిల్లలతో పెట్టించుకోండి.

(ఒక యువకుడు: సార్, మరి కొయ్యలు కాల్చాలంటే ఏ టైమ్ మంచిది? పొద్దున తేమ ఉంటది అన్నరు గదా.)

నువ్వు నా మాటల్ల నాకే తాడు పేనుతున్నవ్ తమ్మీ. (నవ్వులు) పొద్దున అంటించినా అది పొద్దునే ఆరిపోతదని నీ చేతిల రాసి ఉందా? మా చిన్నాయిన అట్లనే ఎనిమిదింటికి అంటించిండు, తొమ్మిదింటికి ఆరింది అనుకొని ఇంటికొచ్చి అన్నం తిన్నడు. గట్టు మీద ఎండిన పేడకుప్ప ఒకటి లోపల్లోపల రాజుకుంటనే ఉంది, ఒంటిగంటకు గాలి లేసింది, రెండింటికి గడ్డివాము పోయింది, పక్కోళ్లది కూడ. బర్రెలకు ఆ ఎండాకాలం మేత కొనుక్కొచ్చినం. ఆయన మళ్ల జన్మల కొయ్యలు కాల్చలే. రోటవేటర్ కొట్టించు, కిరాయికి దొరుకుతది, కాల్చిందానికంటే కొంచెం ఖర్చు ఎక్కువైతది, అయితది, కాదనను.

(ఇంకొకరు: ఇయ్యాల ఏమన్న వస్తదా సార్?)

పొద్దున బెలూన్ ఏం చెప్పిందో నాకు ఇప్పుడు ఎవరు ఫోన్ చేస్తలేరు, రిటైరైనంక మర్యాద తగ్గింది. కాని ఆ కిటికీల నించి చూడుండి, పడమర దిక్కు, ఉమామహేశ్వరం గుట్ట మీదుగ కాదు ఇంకా ఇటు, ఆ తెల్ల మబ్బు నేను మొదలుపెట్టినప్పుడు ఇంత లేదు. టైమ్ మూడున్నర. బండ్ల మీద వచ్చినోళ్లు చాయ తాగుడు తర్వాత పెట్టుకోండి, ముందు ఊర్లకు చేరుండి, కల్లంల వడ్లున్నోళ్లు ఇంటికి ఫోన్ చేసి పరదా మీద రాళ్లు పెట్టమనండి.